మీ వెన్నుపూస ఎక్కడికీ జరగలేదు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. నాకు 39 ఏళ్ళు. పదమూడేళ్ళుగా కొండకు ట్యాక్సీ తోలుతా ఉండా. నాలుగు నెలల కింద డిక్కీలోంచి పెద్ద సూట్‌కేసు దించుతుంటే నడుం పట్టేసింది. అప్పటినుంచి ఎడమ పిరుదులోంచి పిక్క దాకా లాగుతా ఉంది. ఎమ్మారైలో ఎల్4–ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్ అని రాశారు. ఆపరేషన్ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయించుకోమని డాక్టరు చెప్పారు. ఒకచోటికి పోతే నడుం మీద ఒత్తి, పక్కకి తిప్పి టక్కుమనిపించారు. లేచి నిలబడితే నొప్పి సగం లేదు! "నీ వెన్నుపూస పక్కకి జరిగింది, లోపలికి నెట్టినా" అన్నారు. మూడో రోజుకు మళ్ళీ మామూలే. మళ్ళీ పోతే "మళ్ళీ జరిగింది" అన్నారు. ఇప్పటికి 11 సిట్టింగులు అయినాయి. ఇంకో 20 సిట్టింగులకు ముందే 12,000 కట్టమంటున్నారు. మా మామేమో పుత్తూరు కట్టు కట్టించుకోమంటాడు. కటింగు షాపులో మెడ విరిపించుకునే అలవాటు కూడా ఉంది నాకు, అది కానీయొచ్చా? మా అమ్మకు 63. మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నారు. అలిపిరి మెట్లెక్కాలని ఆమెకు మొక్కు ఉంది. ఆమెకు ఈ చేత్తో చేసే వైద్యం పనికొస్తుందా? – ఒక డ్రైవరు, తిరుపతి

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ "జరిగింది" అనే మాట తేల్చుకుందాం. సిట్టింగులు, కట్టు, మెడ విరుపు అన్నీ ఆ తర్వాత.

నడుములో ఉండేవి ఐదు పూసలు. ప్రతి రెండు పూసల మధ్యా ఒక డిస్క్ ఉంటుంది. అది పైపూసకూ కిందిపూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది, తడిసిన సబ్బుబిళ్ళలా జారిపోయేది కాదు. వాటికి ముందూ వెనకా పట్టీల్లాంటి లిగమెంట్లు, వాటి మీద మందంగా కండరాలు. ఇంత బందోబస్తులో ఉన్న పూస సూట్‌కేసు దించితే పక్కకి తప్పుకోదు, ఎవరో ఒత్తితే మళ్ళీ గూట్లో పడదు. పూస నిజంగా ముందుకు జరిగే జబ్బు ఒకటుంది, లిస్థసిస్ అంటారు. అది ఎక్స్‌రేలో కనబడుతుంది, దాన్ని చేత్తో వెనక్కి నెట్టడం ఎవరి వల్లా కాదు. మీరు రాసిన రిపోర్టులో ఆ మాట లేదు.

మరి ఆ టక్ ఏమిటంటారా? చిన్నప్పుడు మీ అవ్వ మీ బుగ్గలు నిమిరి, వేళ్ళు తన కణతలకు ఆనించి మెటికలు విరిచే ఉంటుంది. ఆ శబ్దమే ఇది. కీలు లోపల జిగురునీరు ఉంటుంది. కీలును చటుక్కున లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, ఆ నీటిలో కరిగి ఉన్న గాలితో చిన్న ఖాళీ ఏర్పడుతుంది. కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీవాళ్ళు 2015లో వేలిని ఎమ్మారై మిషన్‌లో పెట్టి మెటిక విరుస్తూ ఆ ఖాళీ ఏర్పడటాన్ని బొమ్మల్లో చూశారు. అవ్వ మెటికలు విరిచినప్పుడు ఆమె వేలెముక జరిగిందనీ, మళ్ళీ కూర్చుందనీ ఎవరూ అనుకోలేదు కదా. నడుములోనూ అంతే.

శబ్దం వచ్చాక నొప్పి సగం తగ్గడం మాత్రం నిజం. అది మీ భ్రమ కాదు. నడుం నొప్పి పుట్టగానే దాని చుట్టూ కండరాలు కాపలా కాసినట్టు బిగుసుకుంటాయి. కీలును సరిగ్గా సాగదీసినప్పుడు అక్కడి నరాల నుంచి వెన్నుపాములోకి కొత్త సంకేతాలు పోతాయి, నొప్పి కబురు కాసేపు వెనకపడుతుంది, కాపలా కండరాలు పట్టు వదులుతాయి. ఈ హాయి కొన్ని గంటలు ఉండొచ్చు, కొన్ని రోజులు ఉండొచ్చు. మూడో రోజు మీ నొప్పి తిరిగొచ్చింది ఆ హాయి గడువు తీరి. ఏ పూసా మళ్ళీ జరిగి కాదు.

ఈ విషయం ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం నా దగ్గరే ఉంది. ఫిజియోథెరపీ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ అదే మాట చెప్పేదాన్ని. మా సీనియర్లు చెప్పేవారు, నేను నమ్మాను. పూలు కట్టి అమ్మే ఒకావిడ నడుం నొప్పితో వస్తే "పూస కొంచెం పక్కకి పోయిందమ్మా, జాగ్రత్త" అన్నాను. మూడు సిట్టింగుల్లో తగ్గింది, వెళ్ళిపోయింది. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చింది, నడుముకు బెల్టు కట్టుకుని. విప్పమంటే నా చెయ్యి పట్టుకుంది. "వద్దు తల్లీ, పూస జారిపోతుంది." విప్పితే నడుం చుట్టూ బెల్టు అంచు ఒరుసుకుని నల్లబడిన చార, వెన్ను పక్కన కండరం చిక్కిపోయి రెండు పల్లాలు. ఆరేళ్ళుగా బిందె ఎత్తలేదట. మనవరాలు పుడితే ఎత్తుకోలేదట. నేను ఒక్క సెకనులో అనేసిన మాటను ఆమె ఆరేళ్ళు నడుముకు చుట్టుకుని తిరిగింది. ఆమె చేత ఆ పిల్లను ఎత్తించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆనాటి నుంచి నా టేబుల్ దగ్గర "జరిగింది", "జారింది", "విరిగింది" అన్న మాటలు వాడను. మీరు కూడా ఆ మాటను నమ్మి బండి ఎక్కడానికి భయపడితే, నా కళ్ళకు ఆ బెల్టు చారే కనిపిస్తుంది.

రిపోర్టులో బల్జ్, అంటే డిస్క్ కాస్త బయటికి ఉబ్బిందని రాశారే అంటారు. రాశారు. కానీ ఏ నొప్పీ లేనివాళ్ళకు తీసిన స్కానింగులను కలిపి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. అందులో 20 ఏళ్ళవాళ్ళలో నూటికి 30 మందికి, 40 ఏళ్ళవాళ్ళలో 50 మందికి, 80 ఏళ్ళవాళ్ళలో 84 మందికి డిస్క్ బల్జ్ ఉంది. వాళ్ళెవరికీ నడుం నొప్పి లేదు. మీ వయసువాళ్ళలో సగం మందికి ఉండేదే మీకూ ఉంది. మీ కాలు లాగడానికి ఆ డిస్క్ కారణం కావచ్చు, నేను కాదనడం లేదు. నరం దగ్గర వాపు వచ్చి ఉండొచ్చు. కానీ అలాంటి వాపు తగ్గుతుంది, పొడుచుకొచ్చిన డిస్కులు కూడా చాలావరకు నెలల్లో వాటంతట అవే కుంచించుకుపోతాయి. ఫిల్మును బీరువాలో పెట్టేయండి. రోజూ తీసి చూసుకోకండి.

ఇక చేత్తో చేసే వైద్యం. మాన్యువల్ థెరపీ అంటే టక్కుమనిపించడమే అని మన ఊళ్ళో చాలామంది అనుకుంటున్నారు, వీడియోలు చూసి. అది ఈ విద్యలో చివరి మెట్టు మాత్రమే. ఆస్ట్రేలియాలో మెయిట్‌లాండ్ అనే ఫిజియోథెరపిస్టు 1960లలో దీనికి ఒక లెక్క ఏర్పాటు చేశాడు. కీలును ఆడించడంలో నాలుగు గ్రేడులు. మొదటిది, కదలిక మొదట్లోనే అతి చిన్న ఊపు. రెండోది పెద్ద ఊపు, కానీ బిగువు తగిలే లోపే వెనక్కి రావాలి. మూడోది బిగువులోకి వెళ్ళే పెద్ద ఊపు. నాలుగోది ఆ కొసలోనే చిన్న ఊపు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్ళకు మొదటి రెండూ, నొప్పి కన్నా బిగుతు ఎక్కువ ఉన్నవాళ్ళకు తర్వాతి రెండూ. ఈ నాలుగూ ఎప్పుడైనా సరే పేషెంటు "ఆపు" అంటే ఆగేవి. మీకు చేసిన టక్ ఐదోది. అది ఒక్కసారి జరిగిపోతుంది, మధ్యలో ఆపమనడానికి వీల్లేదు. అందుకే దానికి ముందు ఎక్కువ పరీక్ష కావాలి, ఎక్కువ ప్రశ్నలు కావాలి.

నా టేబుల్ మీద ఎలా ఉంటుందో చెప్తాను. మనిషి బోర్లా పడుకుంటాడు. నా రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన పెట్టి పూస మీది గుబ్బకు ఆనిస్తాను. బలం వేళ్ళది కాదు. మోచేతులు చాపి, ఛాతీ బరువును మెల్లగా కిందికి దించుతాను. కొంతదూరం మెత్తగా, మినప్పిండి ముద్దను నొక్కినట్టు పోతుంది. తర్వాత ఒకచోట ఎదురు తగులుతుంది. సెకనుకు రెండు మూడు ఊపులు, అర నిమిషం, ఒక నిమిషం. నా చూపు మాత్రం వీపు మీద ఉండదు, పేషెంటు కాలివేళ్ళ మీద ఉంటుంది. నొప్పి తగిలితే మనిషి నోరు మెదపకముందే వేళ్ళు ముడుచుకుంటాయి. ఆపుతాను. లేచి ముందుకు వంగమంటాను. ఇందాక చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగాయి, ఇప్పుడు పిక్క దాకా పోయాయా లేదా? పోతే ఆ దారి సరైనది. పోకపోతే ఇంకో దారి. చేసే ముందూ చేశాకా ఇలా కొలుచుకోని చేతివైద్యం చీకట్లో గుంజ పాతడమే.

పైగా ఒక నిజం ఒప్పుకోవాలి. నేను సరిగ్గా నాలుగో పూస మీదే ఒత్తుతున్నానని అనుకుంటాను, కానీ ఆ ఒత్తిడి పైనా కిందా ఉన్న పూసలన్నిటికీ పాకుతుంది. "ఒక్క ఎల్4 మాత్రమే సర్దాను" అని ఎవరైనా అంటే, అంత గురి మనిషి వేళ్ళకు లేదు.

న్యూజిలాండ్‌లో మల్లిగన్ అనే ఆయన ఇంకో పద్ధతి తెచ్చాడు. థెరపిస్టు కీలును ఒక పక్కకి మెల్లగా నెట్టి పట్టుకుంటే, పేషెంటు తనకు నొప్పొచ్చే కదలికను తానే చెయ్యాలి. సరైన పట్టు దొరికితే అప్పటికప్పుడే నొప్పి లేకుండా చెయ్యి లేస్తుంది, మెడ తిరుగుతుంది. నొప్పి వస్తే ఆ పట్టు తప్పు, వదిలేయాలి. పేషెంటు పడుకుని ఊరుకోకుండా తానూ పనిచేస్తాడు గనక ఇది నాకు చాలా ఇష్టం.

మీ కాలు లాగుడుకు అన్నిటికన్నా దగ్గరి కథ కూడా న్యూజిలాండ్‌దే. 1956లో వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి నడుం నుంచి కాల్లోకి నొప్పి ఉన్న ఒకాయన వస్తుండేవాడు. మూడు వారాలైనా గుణం లేదు. ఒకరోజు "లోపల గదిలో టేబుల్ మీద బోర్లా పడుకో" అని ఆయనకు చెప్పి, మెకెంజీ ఇంకేదో పనిలో పడ్డాడు. అంతకుముందు పేషెంటు కోసం ఆ టేబుల్ ఒక కొసను పైకి ఎత్తి ఉంచారు. ఈయన దాని మీదే బోర్లా పడుకున్నాడు, నడుం వెనక్కి విల్లులా వంగిపోయింది. కొన్ని నిమిషాలకు మెకెంజీ వచ్చి చూసి హడలిపోయాడు. ఆ రోజుల్లో అలా వంచడం ప్రమాదం అనుకునేవారు. ఎలా ఉందని అడిగితే, మూడు వారాల్లో ఇంత బాగా ఎప్పుడూ లేదు, కాలి నొప్పి పోయింది అన్నాడట ఆయన. అక్కడినుంచి ఒక పెద్ద పద్ధతే పుట్టింది. దాని సారం ఒక్కటే: నొప్పి ఎంత ఉందన్నది కాదు, ఎటు పోతోందన్నది చూడాలి. పిక్కలో ఉన్న నొప్పి తొడలోకి, తొడలోది పిరుదులోకి, అక్కడినుంచి నడుం మధ్యకి ముడుచుకుంటూ వస్తే మంచి గుర్తు. నడుంలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచిదే. పాదం వైపు పాకితే చెడ్డ గుర్తు.

ఇది మీరు ఇంట్లో చూసుకోవచ్చు. కానీ అంతకన్నా ముందు నేను అడిగేవాటికి జవాబు చూసుకోండి. మల మూత్ర ద్వారాల చుట్టూ, సైకిలు సీటు తగిలే చోట మొద్దుబారిందా? ఒంటేలు పోవడానికి కష్టంగా ఉందా, తెలియకుండా పోతోందా? రెండు కాళ్ళూ బలహీనమవుతున్నాయా? వీటిలో ఒక్కటి ఉన్నా రేపటిదాకా ఆగకూడదు, ఈ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి. అలాగే మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడిచి చూడండి. ఎడమ పాదం ఎత్తలేకపోతుంటే, నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియకపోతుంటే డాక్టరుకు వెంటనే చూపించండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే కూడా చేతివైద్యం జోలికి పోకూడదు. మన దేశంలో వెన్నుపూసకు టీబీ కొత్తేమీ కాదు. క్యాన్సరు వచ్చి తగ్గినవాళ్ళూ, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళూ, ఎముకలు గుల్లబారినవాళ్ళూ కూడా ఒత్తించుకోకూడదు, ముందు డాక్టరు చూడాలి.

ఇవేవీ లేకపోతే చాప మీద బోర్లా పడుకోండి. రెండు నిమిషాలు ఊరికే ఉండండి. తర్వాత మోచేతుల మీద ఆనుకుని, పేపరు చదివేటప్పటిలా, ఇంకో రెండు నిమిషాలు. కాలి నొప్పి పైకి ముడుచుకుంటోందా? అయితే అరచేతులు నేలకు ఆనించి, నడుం కింద భాగాన్ని చాప మీదే వదిలేసి, ఛాతీని మాత్రం పైకి లేపండి. మోచేతులు ఎంత చాపగలిగితే అంత. దించండి. పది సార్లు. రెండు మూడు గంటలకోసారి చెయ్యాలి. ఏ దశలోనైనా నొప్పి పిక్క దాటి పాదంలోకి దిగినా, తిమ్మిరి ఎక్కువైనా అక్కడే ఆపేయండి. అందరి నడుమూ వెనక్కి వంగడానికే ఒప్పుకోదు. వయసు మళ్ళినవాళ్ళలో కొందరికి ముందుకు వంగితేనే సుఖం. అప్పుడు పక్కన ఫిజియోథెరపిస్టు ఉండాల్సిందే.

ఇప్పుడు మీ 20 సిట్టింగుల సంగతి. కట్టకండి.

నేను చేతివైద్యానికి వ్యతిరేకిని కాదు, నా బతుకే అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పి మీద సూచనలిచ్చింది. వెన్నుకు చేసే చేతివైద్యం, మసాజ్, వ్యాయామం, రోగికి విషయం విడమరిచి చెప్పడం పనికొస్తాయంది. నడుమును లాగి సాగదీసే ట్రాక్షను, నడుం బెల్టు, అల్ట్రాసౌండ్ తరంగాల వైద్యం, టెన్స్ అనే కరెంటు వైద్యం మామూలుగా వాడొద్దంది. మన దగ్గర చాలాచోట్ల జరిగేది ఇందుకు తలకిందులు: పావుగంట కరెంటు, పావుగంట ట్రాక్షను, ఒక బెల్టు, ఇంటికి పొమ్మనడం. బ్రిటన్‌లో వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ 2016లోనే ఇంకో మాట చెప్పింది. చేతివైద్యం ఒక్కటే ఇవ్వకూడదు, వ్యాయామంతో కలిపే ఇవ్వాలి. మీకు 11 సిట్టింగుల్లో ఒక్క వ్యాయామం నేర్పినట్టు రాయలేదు. నేర్పి ఉంటే మీరు రాసేవారే. అదే నాకు బాధ.

చెయ్యి చేసే మేలు ఏమిటంటే, నొప్పి తగ్గిన ఆ ఒకటి రెండు రోజుల్లో మీరు వంగడం, నడవడం, బరువెత్తడం మళ్ళీ మొదలుపెట్టడానికి వీలు దొరకడం. ఆ సందు మూసుకోకముందే పని కానిచ్చుకోవాలి. మీరేమో ఆ రెండు రోజులూ పూస మళ్ళీ జరుగుతుందేమోనన్న భయంతో కర్రలా బిగదీసుకుని ఉండుంటారు. ఇప్పుడు ఇంకోలా చెయ్యండి. ఎవరి దగ్గరికి పోయినా నాలుగైదు సిట్టింగుల్లో ఏదో ఒక తేడా తెలియాలి: ఇంకో పావుగంట ఎక్కువ కూర్చోగలగడమో, నొప్పి పిక్క నుంచి తొడకు ఎక్కడమో. తెలియకపోతే దారి మార్చమని అడగండి. ఫిజియోథెరపీలో డిగ్రీ బీపీటీనో, పీజీ ఎంపీటీనో చదివారా అని అడగడానికి మొహమాటపడకండి. బీపీటీయే నాలుగేళ్ళ చదువు, పైన ఇంటర్న్‌షిప్. వీడియోలో చూసి నేర్చిందీ అదీ ఒకటి కాదు. డబ్బు ఇబ్బందైతే మీ తిరుపతి ఆసుపత్రులు రుయాలో, స్విమ్స్‌లో, బర్డ్‌లో అడిగి చూడండి. స్విమ్స్‌లో అయితే ఫిజియోథెరపీ కాలేజీయే ఉంది.

బండి సంగతి. పొద్దున నాలుగింటికి బకెట్టు పెట్టుకుని వంగి బండి కడుగుతారు కదా, అది ఇప్పుడు మానేయండి, లేదా ఒక గంట ఆగి చెయ్యండి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేచిన గంటలోపు వంగితే వాటిమీద భారం ఎక్కువ. సీటు వెనక్కి కాస్త వాలేలా పెట్టి, నడుం వంపులో తువ్వాలు చుట్టి పెట్టుకోండి. వెనక జేబులో పర్సు తీసేయండి. మీది ఎడమ పిరుదు గనక పర్సు అటే ఉంటే ఇంకా ముఖ్యం. కొండ మీద పార్కింగులో దిగగానే సామాను మీద చెయ్యి వెయ్యొద్దు. ముందు చేతులు నడుం మీద పెట్టుకుని ఐదారుసార్లు వెనక్కి వంగి, రెండు నిమిషాలు నడిచి, అప్పుడు డిక్కీ తెరవండి. గంటసేపు మలుపులు తిరుగుతూ కూర్చున్న నడుం, వెంటనే 25 కిలోల పెట్టెను పక్కకి తిరిగి ఎత్తడం, మీకు నాలుగు నెలల కింద జరిగింది ఇదే అయ్యుంటుంది. పెట్టెను ముందు డిక్కీ అంచు దాకా లాక్కోండి, ఒంటికి ఆనించుకుని దించండి, పాదాలతో తిరగండి. యాత్రికులు తొందరపెడతారు, తెలుసు. రెండు నిమిషాలు ఆగమని చెప్పండి. ఆరు వారాలకు తగ్గుముఖం పట్టాక నడక, తర్వాత బరువులు మెల్లమెల్లగా పెంచుకోవాలి. డ్రైవరు నడుముకు విశ్రాంతి కన్నా బలమే ఎక్కువ కావాలి.

మీ మామ మాట. మన వైపు ఎముక అనగానే పుత్తూరే గుర్తొస్తుంది, నేను పుట్టి పెరిగింది కూడా ఆ మాట వింటూనే. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు వేసి కట్టే కట్టు ఎముక విరిగినవాళ్ళ కోసం. విరిగిన ఎముక కదలకుండా ఉండాలి, కట్టు పని ఆ కదలిక ఆపడం. మీకు ఏ ఎముకా విరగలేదు. మీ నడుముకు కావలసింది కదలిక. కట్టు మంచిదా చెడ్డదా అన్న చర్చే ఇక్కడ అక్కర్లేదు, అది మీ జబ్బుకు సంబంధించింది కాదు. మామగారికి నొచ్చుకోకుండా ఇదే చెప్పండి.

కటింగు షాపులో మెడ విరుపు మాత్రం ఇవాళ్టితో ఆపేయండి. ఇది బతిమాలి చెప్తున్నాను. మెదడుకు పోయే పెద్ద రక్తనాళాల్లో రెండు, మెడపూసల పక్కనున్న రంధ్రాల్లోంచే పైకి ఎక్కుతాయి. చటుక్కున తిప్పితే ఆ నాళం లోపలి పొర చిరగవచ్చు, గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. అరుదే. కానీ వచ్చినప్పుడు ముప్పై నలభై ఏళ్ళవాళ్ళకు కూడా వస్తుంది. మెడకు నేను వేగంగా తిప్పే విరుపు చెయ్యను, ఎవరడిగినా చెయ్యను. మెల్లగా ఆడించే పద్ధతులతో అంతే సుఖం దొరుకుతున్నప్పుడు ఆ ప్రమాదం ఎందుకు? విరుపు తర్వాత ఎప్పుడైనా తల తిరగడం, మాట తడబడటం, చూపు రెండుగా కనబడటం, మెడలో మునుపెరగని నొప్పి వస్తే ఇంటికి పోకుండా నేరుగా ఆసుపత్రికే. తల మర్దనా చేయించుకోండి, హాయిగా ఉంటుంది. చేతులు గడ్డం కిందికి వచ్చేసరికి "వద్దన్నా" అనండి.

అమ్మగారి మోకాళ్ళు. చేతివైద్యం పనికొస్తుంది, తోడుగా. మోకాలిచిప్పను నాలుగు వైపులా మెల్లగా జరపడం, కాలెముకను కొద్దిగా వెనక్కి ముందుకు ఆడించడం వల్ల బిగుతు తగ్గి కాలు మరికాస్త చాపగలుగుతుంది, మడవగలుగుతుంది. అరిగిన గుజ్జు మాత్రం చేత్తో తిరిగి రాదు. ఆమెను మెట్లెక్కించేది తొడ కండరం. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పది సార్లు, పొద్దునా సాయంత్రం, వారానికోసారి రెండేసి పెంచుతూ. కుర్చీ మొదట ఎత్తుగా ఉండాలి, దిండు వేసుకోవచ్చు. కాస్త నొప్పి ఉంటుంది. మర్నాటి పొద్దుటికి తగ్గిపోతే ఫర్వాలేదు, వాపు వస్తే తగ్గించాలి. షుగర్ ఉంటే అది అదుపులో ఉందో లేదో ముందు చూపించండి.

మొక్కు వద్దని నేను అనను. అలిపిరి నుంచి 3,550 మెట్లు. మూడు నెలలు ఈ కుర్చీ వ్యాయామం చేయించండి, ఇంటి మెట్లు ఆగకుండా ఐదారుసార్లు ఎక్కగలిగితే అప్పుడు ఆలోచించండి. చేతికర్ర తీసుకోవాలి. తెల్లవారుజామున బయల్దేరి, గాలిగోపురం దగ్గర తొందర లేకుండా కూర్చోవాలి. ఆ తర్వాత దారి చాలాదూరం సమంగానే ఉంటుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర కొందరు మోకాళ్ళ మీద ఎక్కుతారు, అమ్మగారిని అది మాత్రం చెయ్యనివ్వకండి, పాదాలతోనే ఎక్కమనండి. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే మోకాలిచిప్ప మీద భారం ఎక్కువ పడుతుంది. కాబట్టి దర్శనం అయ్యాక ఆమెను నడిపించి దించకండి. మీ బండిలో, ముందు సీటులో కూర్చోబెట్టుకుని తీసుకురండి.